ఉప్పు మాటున అయోడిన్: డెల్టా తిండిని న్యూట్రాన్లతో కొలిస్తే

అమలాపురం, రాజోలు, నరసాపురం వైపు అయోడిన్ లోపం మాటెత్తితే ముందుగా వినిపించే ప్రశ్న ఒకటే: "పక్కనే సముద్రం పెట్టుకుని మనకెందుకు వస్తుందండీ?" గాయిటర్ అంటే కొండ ప్రాంతాల జబ్బని, చేపలూ రొయ్యలూ తినే ఊళ్లకి ఆ బెడద ఉండదని గట్టి నమ్మకం. మన దేశంలో అయోడిన్ ఉప్పు కథ 1956లో హిమాలయాల పాదాల దగ్గరి కాంగ్రా లోయ అధ్యయనంతో మొదలవడం, 1962లో వచ్చిన జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదట కొండ జిల్లాల మీదే దృష్టి పెట్టడం ఈ నమ్మకానికి ఊతమిచ్చాయి. 1992లో ఆ కార్యక్రమం పేరూ పరిధీ మార్చి "అయోడిన్ లోప రుగ్మతల నియంత్రణ" అన్నారు. అప్పటికి అర్థమైన సంగతి ఏమిటంటే, గొంతు ఉబ్బడం పైకి కనిపించే లక్షణం మాత్రమే. గర్భిణికి అయోడిన్ చాలకపోతే దెబ్బ తగిలేది కడుపులోని బిడ్డ మెదడుకి.

సముద్రం పక్కనుంటే చాలునా అన్నది కాగితం మీదే లెక్క తేల్చవచ్చు. లీటరు సముద్రపు నీటిలో ఉప్పు 35 గ్రాములు, అయోడిన్ సుమారు 60 మైక్రోగ్రాములు. ఆ నీరంతా ఎండగట్టి, చుక్క అయోడిన్ కూడా పోకుండా పట్టుకున్నా గ్రాము ఉప్పులో రెండు మైక్రోగ్రాములు కూడా రావు. నిజానికి ఉప్పు గడ్డకట్టేటప్పుడు అయోడిన్ చాలావరకు అడుగున మిగిలే చేదు నీటిలోనే ఉండిపోతుంది. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సముద్రపు ఉప్పు అన్న పేరుతో కొనే కళ్లుప్పు, అయోడిన్ కలపనిదైతే, ఈ విషయంలో చేసేదేమీ లేదు. చాలా ఇళ్లలో ఆవకాయకీ మాగాయకీ ఇప్పటికీ ఆ ఉప్పే వాడతారు. కలిపిన ఉప్పు సంగతి వేరు. వాడకందారు చేతికి వచ్చేసరికి గ్రాముకు కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలన్నది మన దేశంలోని ప్రమాణం. రోజుకు పది గ్రాముల ఉప్పు తినే ఇంట్లో అది సరిగ్గా 150. రక్తపోటు కోసం డాక్టరు అయిదు గ్రాములకు తగ్గించమంటే 75. మిగతా సగం తిండిలోంచే రావాలి.

తిండి అంటే ఇక్కడ ముందు అన్నం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లు పారిన డెల్టా వరికే అంకితమైంది. ఏడాదిలో నెలల తరబడి నీట మునిగి ఉండే వరిచేలో గాలి ఆడదు. గాలి ఆడని మట్టిలో అయోడేట్ కాస్తా అయొడైడ్‌గా మారి, మట్టిని వదిలి నీటిలో కలిసి పోతుంది. కోసిన గింజను మర పట్టాక మిగిలేది ఇంకా తక్కువ. పాలిష్ బియ్యంలో గ్రాముకు 20 నానోగ్రాములు ఉన్నాయనుకుంటే, రోజుకు 400 గ్రాములు తినేవారికి అన్నం ఇచ్చేది 8 మైక్రోగ్రాములు. కొబ్బరి నుంచీ పెద్దగా ఆశించేదేమీ లేదు. ఇక చేపలు. సముద్రపు చేపల్లో అయోడిన్ గ్రాముకు వందల నానోగ్రాములు, కొన్నిటిలో వెయ్యి దాటుతుంది. మంచినీటి చేపల్లో పదుల్లోనే ఉంటుంది. భీమవరం, ఆకివీడు, ఉండి చుట్టూ చెరువుల్లో పెరిగే బొచ్చె, శీలావతి పుట్టుకతో మంచినీటివే. సముద్రానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో పెరిగినంత మాత్రాన చెరువు చేప వంజరం అయిపోదు.

ఇంతవరకు చెప్పినవి సాధారణ విలువలతో వేసిన అంచనాలు. ఒక ఊరి పళ్లెంలో ఉన్నది ఎంతో తేలాలంటే ఆ పళ్లేన్నే కొలవాలి. చిక్కు మొదలయ్యేది అక్కడే. డెల్టా తిండిలో ముఖ్యమైనవన్నీ, అంటే ఎండు చేపలు, రొయ్యలు, ఊరగాయలు, పులుసులు, ఉప్పు మయం. మనిషికి అయోడిన్ తెచ్చిపెట్టే ఉప్పే, కొలిచేవాడికి పెద్ద అడ్డం. న్యూట్రాన్ యాక్టివేషన్ అనే పద్ధతిలో బలమూ బలహీనతా రెండూ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

పద్ధతి మూలం సరళమైనదే. ప్రకృతిలో దొరికే అయోడిన్ అంతా ఒకే రకం, అయోడిన్-127. దాన్ని రియాక్టరులో న్యూట్రాన్ల మధ్య ఉంచితే కొన్ని పరమాణువులు ఒక్కో న్యూట్రాన్‌ను మింగి అయోడిన్-128 అవుతాయి. అది నిలకడ లేనిది. బీటా కణాన్ని వదులుతూ జీనాన్‌గా మారుతుంది, మారే క్రమంలో కొన్నిసార్లు 443 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం విడుస్తుంది. ఆ శక్తి దాని వేలిముద్ర. ద్రవ నత్రజనితో చల్లబరిచిన జెర్మేనియం డిటెక్టరు ముందు సీసా పెట్టి ఆ శక్తి దగ్గర ఎన్ని కిరణాలు పడ్డాయో లెక్కపెట్టి, అంతే సేపు అదే చోట ఉంచిన ప్రామాణిక అయోడిన్‌తో పోల్చితే, మొదట ఎంత అయోడిన్ ఉందో తెలుస్తుంది. 1936లో కోపెన్‌హేగన్‌లో హెవెసీ, హిల్డే లెవీ అనే శాస్త్రవేత్తలు రేడియం-బెరీలియం మూలంతో అరుదైన మృత్తిక (రేర్ ఎర్త్) మూలకాల మీద మొదలుపెట్టిన పని ఇది.

అయోడిన్-128కి అంతకంటే పాత చరిత్ర ఉంది. 1934లో భౌతిక శాస్త్రవేత్త ఫెర్మీ బృందం రోములో ఒక్కో మూలకాన్నీ న్యూట్రాన్లతో కొడుతూ పోయినప్పుడు రేడియోధార్మికత చూపిన వాటిలో అయోడిన్ ఒకటి. ఆ తర్వాత మూడేళ్లకు బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్, ఆర్థర్ రాబర్ట్స్ దాన్నే కుందేళ్లకు ఎక్కించి, థైరాయిడ్ గ్రంథి దాన్ని ఎలా లాక్కుంటుందో చూశారు. ఇవాళ ఆసుపత్రుల్లో థైరాయిడ్‌కి ఇచ్చే అయోడిన్-131 కంటే ముందు వైద్యంలోకి అడుగుపెట్టింది ఈ అల్పాయుష్షు అయోడినే.

అల్పాయుష్షు అన్నది మాటవరసకు కాదు. దాని అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం తరిగిపోయే కాలం, 25 నిమిషాలు. నాలుగు గంటలు దాటితే వెయ్యో వంతు కూడా మిగలదు. అందుకని రియాక్టరు ఒకచోట, డిటెక్టరు మరోచోట ఉంటే కుదరదు. రియాక్టరు గుండెలోంచి గాలి ఒత్తిడితో గొట్టంలో దూసుకొచ్చే చిన్న పాలిథీన్ సీసా, ఆ పక్క గదిలోనే సిద్ధంగా ఉన్న డిటెక్టరు, ఈ రెండూ ఉన్నచోటే పని. యానాం నుంచి ఎండబెట్టిన చేప పొడిని ముంబయి ట్రాంబేలోని రియాక్టరుకి పంపవచ్చు. న్యూట్రాన్లు తగిలిన పొడిని గది దాటించడానికి మాత్రం లేదు. రాజమండ్రిలో రైలెక్కిస్తే నిడదవోలు చేరేసరికే సగం అయిపోతుంది.

ఇప్పుడు ఉప్పు సంగతి. అంకెలతో చూస్తేనే దీని తీవ్రత తెలుస్తుంది. అరగ్రాము ఎండు చేప పొడిలో 100 నానోగ్రాముల అయోడిన్, 25 మిల్లీగ్రాముల ఉప్పు ఉన్నాయనుకుందాం. ఉప్పు వేసి ఎండబెట్టిన చేపకు ఇది చాలా తక్కువ అంచనా. చదరపు సెంటీమీటరుకు సెకనుకు లక్ష కోట్ల థర్మల్ (బాగా నెమ్మదించిన) న్యూట్రాన్లు ప్రవహించే చోట ఆ సీసాను పది నిమిషాలు ఉంచితే, బయటికి తీసిన క్షణాన అయోడిన్-128 సుమారు 700 బెకరెల్‌లు ఉంటుంది. అంటే సెకనుకు 700 పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. అదే సీసాలో ఉప్పులోని సోడియం నుంచి పుట్టిన సోడియం-24 పది లక్షలకు పైగా, క్లోరిన్ నుంచి పుట్టిన క్లోరిన్-38 దాదాపు 45 లక్షల బెకరెల్‌లు. అంతర్వేది తీర్థంలో మైకులన్నీ ఒక్కసారి మోగుతుంటే, తప్పిపోయిన పిల్లాడి కేక చెవిన పడాలన్నట్టుంటుంది వ్యవహారం.

కాసేపు ఆగితే గోల తగ్గదా అనిపిస్తుంది. తగ్గదు. ఆగడం వల్ల లాభం కలగాలంటే అడ్డం వచ్చేవి అయోడిన్ కంటే ముందే చావాలి. క్లోరిన్-38 అర్ధాయువు 37 నిమిషాలు, సోడియం-24ది 15 గంటలు. ఎంత ఆగితే అంత నష్టం, పోయేది అయోడినే. అల్యూమినియం-28 ఒక్కటే రెండుంపావు నిమిషాల్లో సగమవుతుంది కాబట్టి పదిహేను నిమిషాలు ఆగితే అది తప్పుకుంటుంది, మట్టి అంటిన ఆకుకూరల్లాంటి వాటికి ఆ జాగు పనికొస్తుంది. ఎండు చేప విషయంలో మాత్రం వేచి చూడటానికి అర్థమే లేదు. మామూలుగా రేడియోధార్మిక కొలతల్లో సహనం గొప్ప గుణం. ఇక్కడ అదే కొంప ముంచుతుంది.

అయినా 443 దగ్గర సోడియంకీ క్లోరిన్‌కీ సొంత గీత లేదు కదా, వాటివి 1369, 1642, 2167 లాంటి పెద్ద శక్తులు కదా అన్న సందేహం రావచ్చు. నిజమే. కానీ ఆ పెద్ద గామా కిరణం డిటెక్టరులో తన శక్తినంతా వదలకుండా, కొంత విదిల్చి బయటికి తప్పించుకుంటుంది. కాంప్టన్ పరిక్షేపణం అనేది అదే. విదిల్చిన ముక్కలన్నీ తక్కువ శక్తుల దగ్గర పోగుపడతాయి. ఆ పోగు కింద 443 దగ్గరి చిన్న శిఖరం కూరుకుపోతుంది. పైగా డిటెక్టరు ఒక కిరణాన్ని నమోదు చేస్తున్నంతసేపు మరోదాన్ని చూడలేదు. లక్షల కొద్దీ అక్కర్లేని కిరణాలు వచ్చి పడుతుంటే కావాల్సినవి జారిపోతాయి. సీసాను దూరంగా జరిపి ఆ రద్దీ తగ్గించవచ్చు. అప్పుడు అయోడిన్ కిరణాలూ తగ్గిపోతాయి.

ఈ ముడి విప్పింది న్యూట్రాన్ల వేగంలోని తేడా. రియాక్టరులో బాగా నెమ్మదించిన థర్మల్ న్యూట్రాన్లతో పాటు, ఇంకా పూర్తిగా నెమ్మదించని ఎపిథర్మల్ న్యూట్రాన్లు కూడా కొన్ని ఉంటాయి. సోడియం, క్లోరిన్ నెమ్మదైన వాటినే ఎక్కువగా పడతాయి. అయోడిన్‌కి మాత్రం కొన్ని నిర్దిష్ట శక్తుల దగ్గర న్యూట్రాన్లను పట్టే ఆకలి ఒక్కసారిగా పెరుగుతుంది. ఈ ఎపిథర్మల్ పట్టుకీ థర్మల్ పట్టుకీ ఉన్న నిష్పత్తి అయోడిన్‌కి దాదాపు 25. సోడియంకి 0.6, క్లోరిన్‌కి 0.7. తేడా నలభై రెట్ల దాకా ఉంది. సీసా చుట్టూ మిల్లీమీటరు మందం కాడ్మియం రేకు చుడితే, అది అర ఎలక్ట్రాన్ వోల్టు కంటే నెమ్మదైన న్యూట్రాన్లను దాదాపు అన్నిటినీ మింగేసి, వేగమైనవాటిని లోపలికి వదులుతుంది.

ఫలితం లెక్క వేయడం కష్టం కాదు. ఎపిథర్మల్ న్యూట్రాన్లు థర్మల్‌లో ఇరవయ్యో వంతు ఉన్న చోట, కాడ్మియం తొడిగాక అయోడిన్ తన మొత్తం రేడియోధార్మికతలో సగానికి పైగా నిలుపుకుంటుంది. సోడియం, క్లోరిన్‌లకు మిగిలేది నూటికి మూడు వంతులు. అంటే ఒక్క రేకుతో పరిస్థితి పదిహేను రెట్లకు పైగా మెరుగుపడింది. కాడ్మియంతో తంటాలు లేకపోలేదు. అది న్యూట్రాన్లు మింగి వేడెక్కుతుంది, తనూ రేడియోధార్మికమవుతుంది, సీసాతో పాటు గొట్టంలో ప్రయాణిస్తే తీసి పారేసే దాకా చేతికి ప్రమాదం. అందుకని కొన్నిచోట్ల బోరాన్ తొడుగు వాడతారు, మరికొన్నిచోట్ల కాడ్మియం రేకును రియాక్టరు గొట్టంలోనే శాశ్వతంగా బిగిస్తారు.

రెండో ఎత్తు డిటెక్టరు వైపు నుంచి. జెర్మేనియం చుట్టూ కాపలాగా మరో డిటెక్టరు అమరుస్తారు. లోపల శక్తి కొంత విదిల్చి తప్పించుకున్న కిరణం కాపలావాడికి తగలగానే, ఆ లెక్కను చెల్లదని కొట్టేస్తారు. దీన్ని కాంప్టన్ నిరోధం అంటారు. సోడియం-24 ఒకేసారి రెండు పెద్ద గామా కిరణాలు విడుస్తుంది కాబట్టి ఒకటి లోపల, మరొకటి కాపలాలో దొరికిపోయి దాని లెక్కలు ఇంకా ఎక్కువగా రద్దవుతాయి. అయోడిన్-128 చాలావరకు ఒంటరి కిరణమే విడుస్తుంది కాబట్టి దానికి నష్టం తక్కువ. ఆ కాపలా డిటెక్టరు సాధారణంగా సోడియం అయొడైడ్ స్ఫటికమే కావడం ఇందులో సరదా అయిన విషయం: నానోగ్రాముల అయోడిన్‌ను పట్టుకోవడానికి కిలోల కొద్దీ అయోడిన్ కాపలా. కెనడాలోని హాలిఫాక్స్‌లో, డల్‌హౌసీ విశ్వవిద్యాలయపు చిన్న స్లోపోక్ రియాక్టరు దగ్గర అమరేశ్ చట్ బృందం ఈ రెండు ఎత్తుల్నీ కలిపి ఆహార పదార్థాల అయోడిన్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్లు చూపిందేమిటంటే, ఈ పనికి భారీ రియాక్టరు అక్కర్లేదు. నిలకడైన ప్రవాహం, వేగమైన గొట్టం, మంచి డిటెక్టరు ఉంటే చాలు.

రొయ్యల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంకో శత్రువు తయారవుతుంది. సముద్రపు నీటిలో బ్రోమిన్ లీటరుకు 65 మిల్లీగ్రాములకు పైన, అయోడిన్ కంటే వెయ్యి రెట్లు. ఉప్పునీటిలో బతికిన ప్రాణి ఒంట్లోకి అది చేరుతుంది. బ్రోమిన్‌కీ అయోడిన్ లాగే ఎపిథర్మల్ ఆకలి ఉంది కాబట్టి కాడ్మియం రేకు దాన్ని ఆపలేదు. బ్రోమిన్-80 అర్ధాయువు 17.7 నిమిషాలు, అయోడిన్‌కి అటూ ఇటూ. ఆగినా, తొడుగు వేసినా, దీన్ని వదిలించుకోలేం. ఉప్పునీటి వనామీ రొయ్య పొడి ఇచ్చి అయోడిన్ చెప్పమంటే ప్రయోగశాల మొదట చూసేది 616 దగ్గరి బ్రోమిన్ శిఖరం ఎంత ఎత్తుందన్నదే.

అప్పుడు చేతికి పని చెప్పాల్సిందే. వికిరణం (న్యూట్రాన్లకు పెట్టడం) అయ్యాక పొడిని తెలిసిన బరువు అయోడిన్ వాహకంతో, అంటే రేడియోధార్మికత లేని మామూలు అయోడిన్‌తో, కలిపి కరిగించి, అయోడిన్‌ను స్వేచ్ఛా రూపంలోకి తెచ్చి, కార్బన్ టెట్రాక్లోరైడ్‌లోకి లాగుతారు. గాజు గరాటులో కింది పొర ఊదారంగు తిరగడం కళ్లకు కనిపిస్తుంది. ఉప్పు పైనున్న నీటి పొరలో ఉండిపోతుంది. ఆ ఊదారంగు పొరను వేరు చేసి, సల్ఫైటుతో మళ్లీ నీటిలోకి దించి, పల్లాడియం అయొడైడ్‌గా అవక్షేపిస్తే డిటెక్టరు ముందుకు వెళ్లేది దాదాపు శుద్ధ అయోడిన్. బ్రోమిన్‌ను విడిచి అయోడిన్‌ను మాత్రమే ఆక్సీకరించే రసాయనాన్ని ఎంచుకోవడంలోనే నేర్పంతా ఉంది. చేతివాటం ఉన్నవాళ్లు దీన్ని ఒక అర్ధాయువు లోపలే ముగిస్తారు. మధ్యలో కొంత ఒలికినా కంగారు లేదు. మొదట వేసిన వాహకంలో ఎంత తిరిగి వచ్చిందో తూచి చూస్తే నష్టం ఎంతో తెలిసిపోతుంది.

ఈ పద్ధతికి మిగతా ఏ పద్ధతికీ లేని వరం ఒకటి ఇక్కడే ఉంది. వికిరణం తర్వాత వాడే ఆమ్లంలో, నీటిలో, గాజులో ఎంత అయోడిన్ ఉన్నా ఫర్వాలేదు. అది న్యూట్రాన్లు తగలని అయోడిన్, డిటెక్టరుకు కనిపించదు. నానోగ్రాముల కొలతలో ప్రయోగశాల తన సొంత మురికినే కొలిచి నమూనా ఖాతాలో వేయడం పెద్ద ప్రమాదం. టింక్చర్ వాడే చోట కూర్చుని అయోడిన్ కొలిచేవారికి ఆ బాధ బాగా తెలుసు.

మరి ఇప్పుడు ఎక్కువగా వాడే ఐసీపీ-ఎంఎస్ యంత్రం, అంటే కరిగించిన నమూనాను మండే ప్లాస్మాలో అయాన్లుగా మార్చి బరువును బట్టి లెక్కపెట్టేది, దాని మాటేమిటి? రోజుకు వంద నమూనాలు చూడగలదు, రియాక్టరు అక్కర్లేదు, సున్నితత్వానికి లోటు లేదు. ఇబ్బంది యంత్రానికి ముందు జరిగే దానితో వస్తుంది. తిండిని కరిగించడానికి అలవాటుగా వాడే నత్రికామ్లం అయోడిన్‌ను ఆవిరి రూపంలోకి నెడుతుంది. కొంత గాలిలో కలిసిపోతుంది, కొంత యంత్రం గొట్టాలకు అంటుకుని తర్వాతి నమూనాలో తేలుతుంది. అందుకే అయోడిన్‌కి ఆమ్లం మాని, టీఎంఏహెచ్ అనే క్షారంలో వేడిచేసి తీస్తారు. అది బాగా పనిచేస్తుంది. కానీ పొడిలోంచి అయోడిన్ మొత్తం ద్రావణంలోకి వచ్చిందా, కొంత పీచులోనే ఉండిపోయిందా అన్న ప్రశ్న మిగులుతుంది. దానికి జవాబు చెప్పగలిగేది నమూనాను కరిగించకుండానే కొలిచే న్యూట్రాన్ పద్ధతే. రోజువారీ పనికి ఐసీపీ-ఎంఎస్, తగాదా తీర్చడానికి న్యూట్రాన్లు. రెండింటినీ పోటీదారులుగా చూపడంలో అర్థం లేదు.

ఉప్పును కొలవడానికి మాత్రం ఈ రెండూ దండగే. అయోడిన్ ఉప్పు ప్యాకెట్టును రియాక్టరులో పెట్టడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, పైగా ఉప్పంతా సోడియం-24 అయి కూర్చుంటుంది. ఉప్పులో కలిపేది పొటాషియం అయోడేట్, అదీ గ్రాముకు మైక్రోగ్రాముల్లో. కాస్త ఆమ్లం, పొటాషియం అయొడైడ్, గంజి, థయోసల్ఫేట్, ఒక బ్యూరెట్ ఉంటే కళాశాల ప్రయోగశాలలో తేలిపోతుంది. మూత్రానికీ అంతే. ఎనభై ఏళ్లు దాటిన శాండెల్-కోల్తాఫ్ చర్య ఇప్పటికీ నడుస్తోంది. పసుపు రంగు సీరియం, ఆర్సెనిక్ సమక్షంలో ఎంత త్వరగా రంగు కోల్పోతుందో చూస్తారు. అయోడిన్ ఎంత ఎక్కువుంటే అంత త్వరగా. ముందుగా పర్‌సల్ఫేటుతో మరిగించాలి, లేకపోతే థయోసయనేట్ లాంటివి అయోడిన్‌లా నటిస్తాయి. కర్రపెండలం తిన్నా, పొగ తాగినా మూత్రంలో థయోసయనేట్ పెరుగుతుంది. డెల్టాను ఆనుకున్న పెద్దాపురం, సామర్లకోట మెట్టలో పెండలం పండుతుంది కాబట్టి ఆ మరిగింపును తేలిగ్గా తీసుకోకూడదు. ఒక ఊరి బడిపిల్లల మూత్రంలో మధ్యస్థ విలువ లీటరుకు 100 నుంచి 199 మైక్రోగ్రాములుంటే అయోడిన్ సరిపోతున్నట్టు. గర్భిణుల్లో 150 నుంచి 249 ఉండాలి. ఇది ఊరి లెక్క. ఒక మనిషి ఒక పూట మూత్రం చూసి ఆ మనిషికి లోపముందని చెప్పడానికి లేదు, నిన్న రాత్రి తిన్న కూరే అందులో ఎక్కువ మాట్లాడుతుంది.

న్యూట్రాన్ పద్ధతి నిజంగా అవసరమయ్యేది తిండి ముద్దల్లో, పాలల్లో, కణజాలంలో. వాటిని డెల్టాలో సేకరించేటప్పుడే సగం ఫలితం నిర్ణయమైపోతుంది. మొదటిది ఎండబెట్టడం. చేపను ఓవెన్‌లో గట్టిగా వేడిచేస్తే అయోడిన్ కొంత పోయే ప్రమాదముంది, గడ్డకట్టించి శూన్యంలో ఎండబెట్టడం మేలు. పులుసు విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. చింతపండు పులుపులో ఉప్పులోని అయోడేట్, తిండిలోని క్షయకరణ పదార్థాలతో కలిసి స్వేచ్ఛా అయోడిన్‌గా మారి, మరుగుతున్న దాకలోంచి ఆవిరైపోగలదు. అందుకే వంటకు ముందు వేసిన ఉప్పు బరువును పదిహేనుతో గుణించి "ఇంత తిన్నారు" అని రాసే సర్వేలు అసలు కంటే ఎక్కువ చూపుతాయి. పొయ్యి దించాక, కంచంలోకి వడ్డించిన దాన్నే ఇంకో గిన్నెలోకి అంతే తీసి కొలిస్తేనే నమ్మదగిన అంకె వస్తుంది.

రెండోది, ఏ ముక్క? పులసనే తీసుకోండి. సముద్రంలో తిరిగి, వరద నీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చే ఈ చేపకు మనకున్నట్టు ఒకే ముద్దగా థైరాయిడ్ గ్రంథి ఉండదు. చాలా అస్థి చేపల్లో లాగే థైరాయిడ్ కణపుటికలు గొంతు అడుగున, మొప్పలకు రక్తం మోసే పెద్ద ధమని చుట్టూ చెల్లాచెదురుగా ఉంటాయి. అయోడిన్ చిక్కగా పోగుపడేది అక్కడే. అంటే నడుము ముక్కలు మాత్రమే పొడి చేసి ఇచ్చిన ప్రయోగశాలా, తలకాయతో సహా పొడి చేసి ఇచ్చిన ప్రయోగశాలా ఒకే చేపకు వేర్వేరు అంకెలు చెబుతాయి, రెండూ సరైనవే. తలకాయ పులుసు తినేవారికి రెండో అంకె వర్తిస్తుంది, మొప్పలతో పాటు గొంతు కింది భాగం కోసి పారేసే ఇంటికి మొదటిది. ఆహార పట్టికల్లో "చేప, పచ్చిది" అని ఒకే వరుస ఉండటం చూసినప్పుడల్లా ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

మూడోది చెరువుల్లో వాడే మందు. రొయ్యల చెరువుల్లో, హేచరీల్లో క్రిమిసంహారకంగా పోవిడోన్ అయోడిన్ లాంటివి వాడతారు. పాడిలో పొదుగు శుభ్రానికీ అయోడిన్ ద్రావణాలున్నాయి, అవి పాలల్లోకి చేరతాయి. న్యూట్రాన్లకి ఈ తేడా తెలీదు. మేతలోంచి వచ్చిందా, మందులోంచి వచ్చిందా, థైరాయిడ్ హార్మోనులో కట్టుబడి ఉందా, కేవలం అయొడైడ్‌గా ఉందా, అన్నీ దానికి అయోడిన్-127 మాత్రమే. మొత్తం ఎంత అన్న ప్రశ్నకు దీనంత నిక్కచ్చిగా జవాబు చెప్పేది లేదు. ఏ రూపంలో అన్నదానికి ఇది మూగ. రెండో ప్రశ్న అడగాలనుకుంటే ముందే నీటిలో కరిగేదీ, ప్రొటీన్‌కి అంటిందీ వేరుచేసి, విడివిడి సీసాల్లో పంపాలి.

ఎక్కడికి పంపాలి? దేశంలో ఈ పనికి పనికొచ్చే న్యూట్రాన్లు వేళ్ల మీద లెక్కపెట్టే చోట్లే ఉన్నాయి. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో 1956 ఆగస్టులో మొదలైన అప్సర 2009లో ఆగిపోగా, 2018లో 2 మెగావాట్ల అప్సర-యు దాని స్థానంలో వచ్చింది; 1985 నుంచి ధ్రువ ఉంది. కల్పాక్కంలో యురేనియం-233తో నడిచే 30 కిలోవాట్ల కామిని ఉంది, చిన్నదే అయినా యాక్టివేషన్ విశ్లేషణ దాని ముఖ్యమైన పనుల్లో ఒకటి. తెలుగు రాష్ట్రాల్లో పరిశోధన రియాక్టరు లేదు. హైదరాబాదులో భాభా కేంద్రానికే చెందిన పదార్థ విశ్లేషణ ప్రయోగశాల, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. కాబట్టి డెల్టా నుంచి బయల్దేరే నమూనాలకు సహజమైన దారి ఇది: ఎండబెట్టి పొడి చేసిన ప్రతి నమూనానూ రెండు సీసాల్లో పోసి, ఒకటి హైదరాబాదులో క్షారంతో తీసి ఐసీపీ-ఎంఎస్‌లో చూడటం, వాటిలో పదింట ఒకదాని జోడీని రియాక్టరు దగ్గరికి పంపడం. రెండు చోట్లా అమెరికా ప్రమాణాల సంస్థ తయారుచేసిన పాలపొడి కూడా ఒక సీసా ఉండాలి. దాని 1549 నంబరు పాలపొడిలో అయోడిన్ గ్రాముకు 3.38 మైక్రోగ్రాములని ధ్రువీకరించారు. ఆ అంకె ముందు తేలితేనే తక్కిన సీసాల మాట. పాలపొడి రెండు చోట్లా సరిపోయి, ఎండు నెత్తళ్ల పొడిలో మాత్రం ఐసీపీ-ఎంఎస్ తక్కువ చూపిస్తే, ముందు చూడాల్సింది క్షారంలో ఎంతసేపు ఉంచారన్నది, ఆ తర్వాత వడపోత కాగితం మీద మిగిలిన మడ్డిని. ఆ మడ్డినే ఎండబెట్టి సీసాలో వేసి న్యూట్రాన్లకు పెడితే, తప్పిపోయిన అయోడిన్ అందులో ఉందో లేదో గంటలోపే చెప్పేస్తుంది.